బాబేజ్ గారూ, కాస్త జరగండి

గుణదలలో నేను చదివిన కంప్యూటరు పుస్తకం బాబేజ్‌తో మొదలై ప్రింటర్‌తో అయిపోయేది. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పొద్దనే మాటే లేదు. ల్యాబ్‌లో అందరిదీ ఒకటే పాస్‌వర్డ్, అదీ బోర్డు మీద!

ఈ అలవాటు పాతదే. 1984లో కేంద్రం 'క్లాస్' పథకం కింద బడులకి బీబీసీ మైక్రోలు ఇచ్చింది. అప్పుడు బళ్ళో నెట్ లేదు, మెషీన్ గురించి చెబితే సరిపోయేది. 2000లో ఐటీ చట్టం వచ్చింది. 2022 డిసెంబరులో మన రాష్ట్రం ఎనిమిదో తరగతి పిల్లలకి, టీచర్లకి కలిపి 5 లక్షల పైచిలుకు ట్యాబ్‌లు పంచింది. వస్తువు మారిపోయింది, పాఠం మాత్రం నెమ్మదిగా నడుస్తోంది.

మొన్న మా అక్క కొడుకు గేమ్ కోసం వాళ్ళమ్మ ఫోనుకొచ్చిన ఓటీపీ ఎవరికో చెప్పేశాడు. తిడితే, "మామయ్యా, అది పుస్తకంలో లేదుగా" అన్నాడు. ఆఫీసులో మనం ఏడాదికోసారి నెక్స్ట్, నెక్స్ట్ కొట్టి దాటేసే సెక్యూరిటీ ట్రైనింగే వాడికి కావలసిన పాఠం. బాబేజ్ గారు రెండు పేజీలు జరిగితే చాలు.