పది అడుగుల ఇంట్లో చుట్టానికి పడక

చుట్టాలు వస్తున్నారని కబురు తెలిసిందనుకోండి. వంట గురించి ఇల్లాలికి అంత బెంగ ఉండదు. ఎసట్లో బియ్యం ఓ సోలెడు ఎక్కువ పోస్తుంది, చారులో ఇంకో చెంబెడు నీళ్ళు పోస్తుంది, పూట గడిచిపోతుంది. అసలు చిక్కంతా రాత్రి పడకల దగ్గరే. హాల్లో దివాను మావగారికి ఇస్తే అబ్బాయిని ఎక్కడ పడుకోబెట్టాలి? అమ్మాయి గదిలో పిన్నిగారికి పక్క వేస్తే ఆ పిల్ల పరీక్షల చదువు ఏం కావాలి? రెండు గదుల వాటాల్లో కాపురం చేసేవాళ్ళకి ఈ లెక్కలు కొత్తేమీ కాదు.

ఇవాళ మీకు చెప్పబోయేది అంతకంటే చిన్న ఇంటి సంగతి. పొడుగు పది అడుగులకు మించదు. వెడల్పు ఏడడుగుల లోపే. కాస్త పొడగరి అయితే నిటారుగా నిలబడటానికి వీల్లేదు. పైగా ఆ ఇల్లు ఒకచోట ఉండదు, నీళ్ళ మీద నడుస్తూ ఉంటుంది. ఇంగ్లండు కాలవల మీద సరుకులు మోసిన ఇరుకు పడవల్లో వెనక వైపు ఉండే చిన్న గది అది. నూరేళ్ళకు పైగా అలాంటి గదుల్లో కుటుంబాలకు కుటుంబాలు బతికాయి. పురుళ్ళూ అక్కడే, పెంపకాలూ అక్కడే, వచ్చిన మనిషికి పడక వెయ్యడమూ అక్కడే.

ఆ పడవలు అంత ఇరుకుగా ఎందుకు ఉండేవంటారా? కారణం లాకులు. లాకంటే ఏమిటో మన గోదావరి జిల్లాల వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. పల్లంలో ఉన్న నీటి నుంచి మెరకలో ఉన్న నీటికి పడవను ఎక్కించే తలుపుల తొట్టి. 1760ల తరవాత ఇంగ్లండు నడిమి జిల్లాల్లో కాలవలు తవ్వినప్పుడు, ఖర్చు కలిసివస్తుందనీ నీళ్ళు ఆదా అవుతాయనీ చాలాచోట్ల లాకులను ఏడడుగుల వెడల్పుకే కట్టారు. లాకును బట్టి పడవ. అందుకే పడవలు కూడా సుమారు 70 అడుగుల పొడుగు, ఏడడుగుల వెడల్పున తయారయ్యాయి. ఆ పొడుగులో అడుగడుగూ డబ్బే. బొగ్గు పోస్తే డబ్బు, ఇనుము వేస్తే డబ్బు. మనుషులు పడుకునే చోటు డబ్బు తేదు కదా! అందుకని మనుషులకు చిట్టచివర పది అడుగులు మిగిల్చి, తక్కినదంతా సరుక్కి ఇచ్చేశారు.

మొదట్లో ఆ గదిలో మగవాళ్ళే ఉండేవారు. భార్యాపిల్లలు ఊళ్ళో ఇంటిపట్టున ఉండేవారు. 1830లు, 40లు వచ్చేసరికి రైళ్ళు పరిగెత్తడం మొదలుపెట్టాయి. సరుకులు రైలెక్కాయి, పడవ కిరాయిలు పడిపోయాయి. కూలివాణ్ణి పెట్టుకునే శక్తి పడవవాడికి లేకపోయింది, ఊళ్ళో ఇంటికి అద్దె కట్టే శక్తీ లేకపోయింది. దానితో ఎంతోమంది ఇల్లు ఖాళీ చేసి, పెళ్ళాంబిడ్డల్ని తెచ్చి పడవలో పెట్టుకున్నారు. పడవను లాగే గుర్రాన్ని గట్టు మీద తోలుకువెళ్ళడానికి పిల్లలు పనికొచ్చారు, చుక్కాని పట్టుకోవడానికి ఇల్లాలు పనికొచ్చింది. జీతం మాత్రం ఒకరి పేరునే ఉండేది.

ఇప్పుడు ఆ గదిలోకి ఒకసారి తొంగి చూద్దాం. వెనక తలుపు తీసి లోపలికి దిగాలి. దిగడానికి వేసిన మెట్టే బొగ్గుల పెట్టె. ఎడం చేతివైపు ఇనప పొయ్యి, వంటకీ అదే, వెచ్చదనానికీ అదే. పొయ్యి పక్కన ఒక గూడు. ఆ గూటి తలుపును కిందికి వాలిస్తే భోజనాల బల్ల అవుతుంది. దాని మీద కోట బొమ్మో, గులాబీలో రంగుల్లో వేసి ఉంటాయి. కుడి చేతివైపు గోడ వెంబడి పొడుగాటి బల్ల. దాని కింద సామాన్లు. ఎదురుగా, గది చివర, మరో పెద్ద అలమార. పగలు చూస్తే పక్కబట్టలు దాచుకున్న అలమారే. రాత్రి దాని తలుపు కిందికి దించితే అవతలి బల్లకి ఆనుకుని మంచం అవుతుంది. ఆలుమగలు పడవకు అడ్డంగా ఆ మంచం మీద పడుకునేవారు. ముందు ఒక లేసు తెర. ఆ తెర లాగితే పడకగది, తీస్తే హాలు. గోడల నిండా లేసంచు పింగాణీ పళ్ళాలు, తళతళలాడే ఇత్తడి గుబ్బలు. ఇంత బొగ్గు మసి మధ్య ఆ తెల్లని లేసు ఎలా నిలబెట్టుకునేవారో ఆ ఇల్లాళ్ళకే తెలియాలి.

పిల్లలు పక్క బల్ల మీద పడుకునేవారు. బల్ల చాలకపోతే నేల మీద. పొద్దున్నే పక్కలన్నీ ఎత్తి, మంచం మడిచి అలమారలో పెడితేగాని టీ నీళ్ళు కాచుకోవడానికి చోటుండదు. అంటే ఆ ఇంట్లో మంచం అనేది రాత్రిపూట మాత్రమే ఉండే వస్తువన్నమాట.

ఈ బతుకు మీద దేశం దృష్టి పడేట్టు చేసినవాడు జార్జి స్మిత్ అనే ఆయన. చిన్నతనంలో ఇటుకల బట్టీలో పనిచేసినవాడు. ముందు ఆ బట్టీల పిల్లల కోసం పోరాడి, 1871లో చట్టం వచ్చేదాకా ఊరుకోలేదు. తరవాత పడవ పిల్లల సంగతి పట్టుకున్నాడు. 1875లో పుస్తకం రాశాడు. పడవవాళ్ళ మురికీ తాగుడూ గురించి ఆయన కాస్త ఎక్కువ చేసి రాశాడని తరవాతి చరిత్రకారులు అన్నారు. అద్దంలా ఉంచుకున్న గదులూ చాలా ఉండేవి మరి. ఏమైతేనేం, ఆయన పట్టుదల వల్ల 1877లో కాలవ పడవల చట్టం వచ్చింది, 1884లో దాన్ని ఇంకా గట్టి చేశారు. ఒక్కొక్క పడవనూ రిజిస్టరు చెయ్యాలి, ఆ గదిలో ఎంతమంది పడుకోవచ్చో కాగితం మీద రాయాలి, ఇన్‌స్పెక్టరు వచ్చి చూస్తాడు.

ఆ లెక్క వినండి, మన ఇళ్ళ లెక్కలాగే ఉంటుంది. వెనక గదిలో కనీసం 180 ఘనపుటడుగుల ఖాళీ జాగా ఉండాలన్నారు. పన్నెండేళ్ళు దాటిన మనిషికి 60, పన్నెండు లోపు పిల్లకు 40 చొప్పున ఉండాలన్నారు. సరిగ్గా 180 ఉన్న గదే తీసుకుందాం. భార్యాభర్తలకు 120 పోతే మిగిలేది 60. ఒక పసిపిల్లకు 40 తీసెయ్యండి. మిగిలిన 20 ఎవరికీ చాలదు. రెండో బిడ్డ పుడితే ఆ బిడ్డే లెక్కకు ఎక్కువ! ఇక చుట్టం మాట చెప్పేదేముంది?

ఇంకో నిబంధన కూడా ఉంది. ఆలుమగలు పడుకునే గదిలో పన్నెండు దాటిన ఆడపిల్లగానీ, పద్నాలుగు దాటిన మగపిల్లాడుగానీ పడుకోకూడదు. వినడానికి మర్యాదగానే ఉంది, న్యాయంగానూ ఉంది. కానీ ఒకే గది ఉన్న ఇంట్లో పన్నెండో పుట్టినరోజు దాటిన మర్నాడు ఆ పిల్ల ఎక్కడికి వెళ్ళాలి? చట్టం ఆ ప్రశ్న వేసిందేగాని జవాబు చెప్పలేదు. జవాబు తల్లులు వెతుక్కున్నారు.

వాళ్ళు వెతుక్కున్న దారి ఏమిటంటే, పిల్లల్ని అరువివ్వడం. ఒక పడవలో పిల్లలు ఎక్కువ, చోటు తక్కువ. ఇంకో పడవలో పిల్లలు లేని జంటో, ముసలి అమ్మమ్మా తాతయ్యలో ఉన్నారు, వాళ్ళకు పని చేసే చెయ్యి కావాలి. ఎదిగిన పిల్లను అటు పంపేవారు. కొన్నాళ్ళకని వెళ్ళిన పిల్ల కొన్నేళ్ళు ఉండిపోయిన సందర్భాలున్నాయి. కాలవ మీద ఎదురైనప్పుడు, ఒకే లాకు దగ్గర ఆగినప్పుడు తల్లీపిల్లా చూసుకునేవారు. చూశారా! ఆ పడవల్లో పక్క బల్ల మీద పడుకున్న అతిథి చాలాసార్లు ఎవరో కాదు, ఇంకో పడవ ఆడబిడ్డ.

పడవవాళ్ళకు మర్యాద తెలీదనుకునేరు. పిలవకుండా ఒకరి పడవ మీద ఇంకొకరు కాలు పెట్టడం వాళ్ళలో తప్పు. గట్టు మీద నిలబడి కేకేసి, రమ్మంటేనే ఎక్కాలి. తెర తప్ప గోడ లేని ఇంటికి ఆ మర్యాదే గోడ.

ఇరవయ్యో శతాబ్దంలో గుర్రం పోయి ఇంజను వచ్చింది. ఇంజను పడవ ఒకటి, దాని వెనక లాగించుకుని వచ్చే జత పడవ ఒకటి. రెండు పడవలంటే రెండు గదులు. ఇల్లాలు ఎక్కువగా వెనక పడవలో ఉండేది, సంసారమంతా అక్కడే. ముందు గదిలో ఎదిగిన కొడుకులకో, వచ్చిన మనిషికో పక్క దొరికేది. పది అడుగులు ఇరవై అయ్యేసరికి వాళ్ళకు మేడ కట్టుకున్నంత సంబరం అయ్యుండాలి.

రెండో ప్రపంచ యుద్ధంలో ఆ గదుల్లోకి కొత్త రకం అతిథులు వచ్చారు. మగవాళ్ళు చాలక, 1942 ప్రాంతం నుంచి చదువుకున్న పట్నపు ఆడపిల్లలకు పడవ నడపడం నేర్పించారు. నేర్పిన వారిలో పేరున్నది ఎయిలీ గేఫర్డ్, అందరూ కిట్ అనేవారు. ముగ్గురేసి ఆడవాళ్ళు ఒక జత పడవలు తీసుకుని లండన్ రేవు నుంచి లోహపు సరుకుతో బర్మింగ్‌హామ్ వైపు వెళ్ళి, తిరుగు దారిలో బొగ్గు వేసుకుని వచ్చేవారు. రెండు పడవల్లోనూ కలిపి సుమారు 50 టన్నుల బరువు! వాళ్ళ బ్యాడ్జీ మీద ‘ఇన్‌లాండ్ వాటర్‌వేస్’ అనే మాటల మొదటి అక్షరాలు రెండు, ఐ, డబ్ల్యూ అని ఉండేవి. దానికి జనం ‘ఐడిల్ విమెన్’ అని, అంటే పనీపాటా లేని ఆడవాళ్ళని, వేళాకోళంగా అర్థం చెప్పారు. వాళ్ళలో సూసన్ వుల్ఫిట్ 1947లో ఆ పేరే పెట్టి పుస్తకం రాసింది. ఎమ్మా స్మిత్ 1948లో ‘మెయిడెన్స్ ట్రిప్’ రాసింది. తమ ఇళ్ళలో ఎవరి గది వాళ్ళకున్న ఆడపిల్లలు, మంచం మడిచిపెడితేగాని కాఫీ పెట్టుకోలేని బతుకు ఏమిటో అప్పుడు తెలుసుకున్నారు. వాళ్ళు కొన్నాళ్ళుండి వెళ్ళిపోయే అతిథులు. పడవ ఆడవాళ్ళకు వెళ్ళడానికి వేరే ఇల్లు లేదు.

పురుడు వస్తేనో, జబ్బు చేస్తేనో? గదిలో ఉన్న తక్కినవాళ్ళను బయటికి పంపాల్సిందే. స్టోక్ బ్రూయెర్న్ అనే కాలవ ఊళ్ళో మేరీ వార్డ్ అనే నర్సు ఉండేది. సిస్టర్ మేరీ అంటే కాలవ పొడుగునా ఎరగనివారు లేరు. కాలవ ఒడ్డునే తన ఇంట్లో పడవవాళ్ళకు ఏళ్ళ తరబడి మందులిచ్చింది, పురుళ్ళు చూసింది. 1951లో ప్రభుత్వం ఆమెకు పతకం ఇచ్చింది. ఆడవాళ్ళకు చోటు చాలని ఆ కాలవ మీద ఒక ఆడది తన ఇంటి తలుపు తీసి ఉంచిందన్నమాట.

బడి వయసు పిల్లలు బడి జరిగే రోజుల్లో పడవల మీద కాపురం ఉండకూడదని 1921లో ఒక ప్రభుత్వ కమిటీ సలహా ఇచ్చింది, కానీ అది చట్టం కాలేదు. చివరికి కాపురాలను మాన్పించింది చట్టం కాదు, లారీలు. 1962-63 చలికాలంలో కాలవలు గడ్డకట్టి వారాల తరబడి పడవలు కదల్లేదు. ఆ దెబ్బతో సరుకుల రవాణా చాలావరకు ఆగింది. లండన్ దగ్గరి సౌథాల్‌లో ఒక జాం ఫ్యాక్టరీకి బొగ్గు మోసే పని 1970లో ఆగిపోవడంతో ఆ యుగం ముగిసినట్టే లెక్క. ఇప్పుడు ఆ కాలవల మీద తిరిగేవి ఎక్కువగా సెలవులకు వచ్చేవాళ్ళ పడవలు, కొందరు ఇష్టపడి కాపురం పెట్టుకున్న పడవలు. చుట్టాలొస్తే భోజనాల బల్లను దించి మంచం చేసే పద్ధతి వాటిలో ఇప్పటికీ ఉంది.

ఇదంతా విన్నాక మీకు ఏమనిపిస్తుందో గాని, నాకు ఒక్క సంగతి మనసులో నిలిచిపోయింది. చట్టం గాలిని కొలిచింది, వయసులు లెక్కపెట్టింది. రాత్రికి రాత్రి పక్కలు మార్చి, పొద్దున్నే మళ్ళీ మడిచి, ఎవరినీ నొప్పించకుండా సర్దిన ఇల్లాలి శ్రమకు మాత్రం ఏ రిజిస్టరులోనూ గడి లేదు. చోటు చాలనప్పుడు ఆ ఇంట్లోంచి మొదట కదిలింది పన్నెండేళ్ళ ఆడపిల్ల.

మన ఇళ్ళలో ఇన్‌స్పెక్టర్లు లేరు, ఘనపుటడుగుల లెక్కలు లేవు. చుట్టాన్ని గౌరవించడం మన సంప్రదాయం, అది మానమని ఎవరూ చెప్పరు. కానీ ఈసారి చుట్టాలొచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగి చూడండి. ప్రతిసారీ ఎవరి మంచం ఖాళీ చేయిస్తున్నాం? ప్రతిసారీ చాప పట్టుకుని వంటింట్లోకి వెళ్ళేది ఎవరు? అమ్మాయేనా, లేకపోతే మీరేనా? ఒకసారి అబ్బాయి మంచం, ఒకసారి ఇంటాయన మంచం కూడా వంతులవారీగా అడిగి చూడండి. చుట్టానికి పడకా దొరుకుతుంది, పిల్లకు చదువూ సాగుతుంది.