ముగ్గురు నౌజవానులు, మూడు షౌఖులు

మన ఖాందాన్‌లో ఎవరి అబ్బాయో ఎమ్మెస్సీ అయిపోయి, ఇక రీసెర్చ్ చేస్తానంటే దావత్‌లో కూర్చున్న బుజుర్గులంతా అడిగేది ఒకటే: "దాంతో నౌకరీ వస్తుందా బేటా?" ఆ సవాల్ తప్పని నేననను. ఇల్లు గడవాలి కదా! కానీ దేని మీద తహకీక్ చేస్తావు, ఆ విషయం మీదే దిల్ ఎందుకు పడింది అని అడిగేవాళ్లు మాత్రం నాకు చాలా తక్కువగా కనిపిస్తారు. అందుకే ఈసారి తారీఖ్‌లోంచి ముగ్గురు నౌజవానుల్ని తెచ్చాను. ముగ్గురూ 1920లలో జర్మనీ దారి పట్టినవాళ్లే. ముగ్గురి మజ్మూన్‌లూ వేరు.

మొదటివారు మన హైదరాబాదీ, రజీయుద్దీన్ సిద్దీఖీ. 1908లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది. అక్కడ తాలీమ్ అంతా ఉర్దూలోనే. అంతకు ఏడాది ముందే మొదలైన దారుత్తర్జుమాలో ఆలిములు కూర్చుని గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం కితాబులు తర్జుమా చేసేవారు. లేని మాటలకు కొత్త ఇస్తిలాహాత్ కట్టేవారు. ఆ ఉర్దూ చదువుతో డిగ్రీ పూర్తిచేసిన ఈ కుర్రాడు కేంబ్రిడ్జి వెళ్లారు. అక్కణ్ణించి లైప్‌జిగ్ చేరారు. క్వాంటమ్ సిద్ధాంతానికి పునాది వేసిన హైజెన్‌బర్గ్ అప్పుడు అక్కడే పాఠాలు చెబుతున్నారు. రజీయుద్దీన్ పట్టుకున్నది ఒక జాతి అవకలన సమీకరణాలను. తేలికగా చెప్పాలంటే, ఇనుప కడ్డీ ఒక కొస వేడెక్కితే ఆ వేడి రెండో కొసకు ఎలా పాకుతుందో లెక్కగట్టేవి ఈ కుటుంబంలోవే. వాటిలోనూ సూటిగా పరిష్కారం దొరకని మొండి రకం ఆయనది. 1932లో ఆ పని జర్మన్ గణిత పత్రికలో వచ్చింది. ఉర్దూలో లెక్కలు నేర్చినవాడు జర్మన్‌లో రాసి మెప్పించాడన్నమాట. మాదరీ జబాన్‌లో చదివితే వెనకబడిపోతారనేవాళ్లకు ఇంతకన్నా జవాబేముంది? ఆయన వతన్‌కి తిరిగొచ్చి ఉస్మానియాలోనే ఉస్తాద్ అయ్యారు. విభజన తర్వాత పాకిస్తాన్ వెళ్లి అక్కడ విశ్వవిద్యాలయాలు నడిపారు.

రెండోవారు సలీముజ్జమాన్ సిద్దీఖీ. బారాబంకీ జిల్లా మనిషి. అలీగఢ్‌లో ఫల్సఫా చదివారు. డాక్టరు కావాలని లండన్ వెళ్లి, ఏడాది తిరక్కుండానే మనసు మార్చుకుని ఫ్రాంక్‌ఫర్ట్‌లో రసాయనశాస్త్రం పట్టారు. ముసవ్విర్ కూడా. 1924లో అదే ఊళ్లో తన బొమ్మల ప్రదర్శన పెట్టారు. మన ఇంట్లో ఒక పిల్లాడు ఇన్నిసార్లు దారి మార్చుకుంటే ఏమంటామో ఒక్కసారి ఆలోచించండి! 1927లో డాక్టరేట్ వచ్చింది. ఢిల్లీలో హకీమ్ అజ్మల్ ఖాన్‌కు ఒక ఖ్వాబ్ ఉండేది. మన జడీబూటీలను కొత్త సైన్సు కళ్లతో పరీక్షించాలని. ఆ పనికి ఈ నౌజవాన్‌నే ఎంచుకున్నారు. అదే ఏడాది చివర్లో హకీమ్ సాహెబ్ ఇంతకాల్ అయ్యారు. అయినా పని ఆగలేదు. తబీబులు తరతరాలుగా వాడిన సర్పగంధ వేరును తీసుకుని అందులోని పదార్థాలను ఒక్కొక్కటిగా వేరుచేశారు. 1931లో దొరికిన ఒకదానికి తన మొహ్సిన్ పేరు కలిసేలా అజ్మలీన్ అని పెట్టారు. గుండె లయ తప్పే జబ్బుల్లో డాక్టర్లు నేటికీ దాన్ని వాడుతున్నారు. తర్వాత ఆయన కళ్లు మన వాకిట్లోని వేపచెట్టు మీద పడ్డాయి. 1942లో వేపనూనెలోంచి నింబిన్ అనే చేదు పదార్థాన్ని శుద్ధంగా తీసి చూపించారు.

మూడోవారు సలీం అలీ, బొంబాయి మనిషి. పరిందాల పిచ్చి. సరైన డిగ్రీ లేదని ప్రభుత్వ జంతుశాస్త్ర సంస్థలో నౌకరీ దొరకలేదు. మ్యూజియంలో గైడుగా చేరి, 1929లో సెలవు పెట్టి బెర్లిన్‌లో స్ట్రెసెమన్ అనే ఉస్తాద్ దగ్గర షాగిర్దయ్యారు. తిరిగొచ్చేసరికి ఆ చిన్న నౌకరీ కూడా పోయింది! భార్య తెహ్మీనాతో కిహిం అనే సముద్రపు ఒడ్డు పల్లెకు మారారు. అక్కడ చెట్టుకు వేలాడే గిజిగాడి గూళ్లను నెలల తరబడి చూస్తూ కూర్చున్నారు. తేలిందేమిటంటే, మగపిట్ట గూడు సగం అల్లి ఆపుతుంది. ఆడపిట్ట వచ్చి పరీక్షించి, పసందైతేనే కాపురం పెడుతుంది. అప్పుడు మగది ఆ గూడు పూర్తిచేసి, ఇంకో గూడు మొదలుపెడుతుంది. పల్లెల్లో అందరూ రోజూ చూసేదే, కానీ అంత సబర్‌తో రాసిపెట్టినవాళ్లు లేరు.

తర్వాత ఆయన హైదరాబాద్ రియాసత్‌లోని పక్షులను లెక్కించడానికి ముందుకొచ్చారు. తనఖా అడగలేదు, క్యాంపు ఖర్చులిస్తే చాలన్నారు. 1931-32లో మన అడవులు తిరిగారు. గుడారాల బాధ్యత తెహ్మీనా మీదే. ఆయన జీవితమంతా పనిచేసిన బొంబాయి సంస్థవాళ్లే 1986లో కడప జిల్లాలో కలివికోడిని మళ్లీ కనుగొన్నారు. అప్పటికి ఎనభై ఏళ్లకు పైగా అది ఎవరి కంటా పడలేదు.

లెక్కలు, వేర్లు, పిట్టలు. వీటికి రిష్తా ఏమిటి? నాకు తోచింది చెప్తాను. ముగ్గురూ తమ సవాల్‌ని తామే ఎంచుకున్నారు, కానీ ఒంటరిగా నిలబడలేదు. ఒకరికి మాదరీ జబాన్‌లో చదువు చెప్పిన విశ్వవిద్యాలయం, ఒకరికి నమ్మిన హకీమ్ సాహెబ్, ఒకరికి నౌకరీ లేని రోజుల్లోనూ తోడున్న భార్య.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ జాబితాలో ఒక్క ఆడపిల్ల లేదు. జహానత్ లేక కాదు, ఆ జమానాలో దర్వాజాలు తెరవక. ఈరోజు మన బేటీలు ఎమ్మెస్సీ దాకా మెహనత్ చేసి చదువుతున్నారు. ఆ తర్వాత దర్వాజా మూసేది కాలేజీ కన్నా ఎక్కువగా మనమే, "ఇక చాలు, రిష్తా చూద్దాం" అంటూ.

అమ్మీలూ అబ్బాలూ, నౌకరీ గురించి తప్పకుండా అడగండి. దానికన్నా ముందు, "ఏం తెలుసుకోవాలనుంది?" అని అడగండి. పిల్లలు చెప్పేది సగమే అర్థమైనా సరే, చివరిదాకా వినండి.