తవుడుతో పోయిన బలం

కువైట్‌కు మనకంటే ముందు మన దేశపు బియ్యం వచ్చింది. 1946లో ఇక్కడి రేవు నుంచి చమురు ఎగుమతి మొదలయ్యే వరకు ఈ పట్టణం సముద్రాన్ని నమ్ముకొని బతికింది. బస్రా ఖర్జూరాలు నింపుకొన్న తెరచాప ఓడలు భారతదేశపు పశ్చిమ తీరానికి పోయి, తిరుగు ప్రయాణంలో మలబారు టేకు, బియ్యం, సుగంధ ద్రవ్యాలు తెచ్చేవి. 1961లో దినారు వచ్చేదాకా ఇక్కడ చెల్లిన నాణెం కూడా రూపాయే. వేసవి నెలల్లో ముత్యాల వేటకు పోయినవారు పగలంతా కాస్త కాఫీతో, నాలుగు ఖర్జూరాలతో నీట మునిగేవారు. అసలు భోజనం పొద్దుగూకిన తరువాతే: అన్నం, చేప. ఆకుకూర గాని పండు గాని దొరకని ఆ ఓడలలో చిగుళ్లు వాచి నెత్తురు కారే స్కర్వీ వ్యాధి కొత్తది కాదు. కడుపు నిండినంత మాత్రాన దేహానికి కావలసినవన్నీ అందినట్లు కాదని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి నిదర్శనం ఈ నేలమీద మరొకటి లేదు.

ఈ పాఠాన్ని మన తెలుగు నేల మరింత కఠినంగా నేర్చుకొన్నది. కువైట్‌లోని తెలుగువారిలో కడప, రాజంపేట, రాయచోటి ప్రాంతాలవారు ఎక్కువ; గోదావరి జిల్లాలవారూ గణనీయంగా ఉన్నారు. ఇక్కడ పుట్టి పెరిగిన మీకు ఈ రెండు సీమల అన్నమూ ఒకటే అనిపించవచ్చు. వాటి చరిత్రలు మాత్రం వేరు.

గోదావరి సంగతి ముందు చెప్పుకొందాం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత డెల్టా అన్నపూర్ణ అయింది. విచిత్రమేమంటే, వరి పుష్కలంగా పండే ఈ తీరమే బెరిబెరి వ్యాధికి పేరుమోసిన చోటు. ఆనకట్టకు ముందే, 1835లో, మాల్కమ్‌సన్ అనే మద్రాసు సైనిక వైద్యుడు ఈ వ్యాధిపై ఒక గ్రంథమే ప్రకటించాడు. ఉత్తర సర్కారులలో సిపాయిల కాళ్లు తిమ్మిరెక్కి, బలం ఉడిగి, ఒళ్లు నీరుపట్టి, చివరకు గుండె ఆగిపోయేది. కారణం ఎవరికీ తెలియదు. గాలి అన్నారు, తేమ అన్నారు.

కారణం బియ్యపు గింజ మీదనే ఉన్నది. 1890లలో జావాలో ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు, తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం తిన్న కోళ్లకు కాళ్లు పడిపోవడమూ, తవుడు కలిపి పెడితే అవి కోలుకోవడమూ గమనించాడు. తవుడులో ఉన్న ఆ పదార్థమే థయమిన్, అనగా బి1 విటమిన్. అది లేకపోతే తిన్న పిండిపదార్థాన్ని దేహం శక్తిగా మార్చుకోలేదు; మొదట దెబ్బతినేవి నరాలు, గుండె.

రోకటితో దంచిన బియ్యంలో కొంత తవుడు మిగిలేది. మరలు వచ్చాక అదీ పోయింది. దంపుడు పని ఎంత కష్టమో ఎరిగిన స్త్రీలు మరను ఆహ్వానించడంలో తప్పేమీ లేదు. ఆ సంగతి మరచి పాతకాలాన్ని పొగిడేవారితో నేను ఏకీభవించను. అయితే తెలుపు గౌరవానికి గుర్తయింది. పైగా ఆ అన్నాన్ని పలుమార్లు కడిగిన బియ్యంతో వండి గంజి వార్చేవారు. మిగిలిన థయమిన్ ఆ నీళ్లలో పోయేది. తమిళ, మలయాళ సీమలలో వడ్లను ఉడికించి ఆరబెట్టి మరాడించే ఉప్పుడు బియ్యం వాడుక. ఉడికేటప్పుడు తవుడులోని సారం గింజ లోపలికి ఇంకుతుంది కనుక అక్కడ బెరిబెరి అరుదు. మనవారికి పచ్చిబియ్యమే రుచి. అక్షతలకూ నైవేద్యానికీ అదే ఆచారం. అందరికంటే ఎక్కువ నష్టపోయినవారు నోరులేని పసికందులు: తల్లి తినే అన్నంలో థయమిన్ లేకపోతే ఆమె పాలలోనూ ఉండదు, నెలల బిడ్డలు ఉన్నట్టుండి కన్నుమూసేవారు. గంజిని పారబోయక పులియబెట్టి తరవాణిగా తాగిన పేద ఇళ్లవారికి, తమకు తెలియకుండానే, కొంత రక్షణ దొరికింది.

ఈ బెరిబెరి పరిశోధన కోసమే 1918లో మెకారిసన్ కూనూరులో చిన్న ప్రయోగశాల తెరిచాడు. భారతదేశపు వివిధ ప్రాంతాల భోజనాలను ఎలుకలకు పెట్టి చూస్తే, గోధుమ రొట్టె, పాలు, పప్పు, కూరలు తిన్నవి బలంగా పెరిగాయి. ‘మద్రాసీ’ అన్నపు భోజనం తిన్నవి అన్నిటికంటే వెనుకబడ్డాయి. ఆ సంస్థే 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థగా తార్నాకలో పనిచేస్తున్నది.

రాయలసీమ కథలో లోటు గింజదే. 1876–78 కరువులో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు అల్లాడినప్పుడు, పనిచేసే మగవానికి రోజుకు ఒక పౌను ధాన్యం, దానిమీద కాస్త చిల్లర చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. పౌను అంటే అరకిలో కూడా కాదు. కూలివాని దేహం దానితో నిలవదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ పట్టుబట్టి వాదించాడు. కొద్ది నెలలకే, 1877లోనే, మద్రాసు ప్రభుత్వం కూలి పెంచక తప్పలేదు. మనిషికి ఎంత తిండి కావాలన్న ప్రశ్న మన తాతముత్తాతల ప్రాణాల మీద తేలింది.

మంచి కాలంలో సీమవారి తిండి రాగి సంగటి, జొన్నరొట్టె, కొర్రన్నం. వరి అన్నం పండుగనాటి మాట. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చినప్పుడు ఆకలి తగ్గింది. అది చిన్న విషయం కాదు. కాని అదే దారిలో సంగటి వెనక్కి జరిగింది. జొన్నను దేవతగా చేయనవసరమూ లేదు. జొన్నే ప్రధానంగా, వేరే పోషణ లేక బతికిన తెలంగాణ పేదలలో పెల్లాగ్రా అనే చర్మవ్యాధిని 1960 ప్రాంతంలో డాక్టర్ సి. గోపాలన్ బృందం పరిశీలించింది. ఏ ధాన్యమైనా ఒంటరిగా కంచంలో మిగిలినప్పుడే ప్రమాదం.

ఇక కువైట్. గల్ఫ్‌కు వచ్చిన మొదటి తరం పేదరికం నుంచి వచ్చినది. మూడు పూటలా తెల్లని అన్నం వారికి గెలుపు. దాన్ని చిన్నచూపు చూడటం అన్యాయం. అయితే తవుడుతోపాటు పీచు కూడా పోయిన గింజ కడుపులో త్వరగా చక్కెరగా మారుతుంది. పొలం పని చేసే దేహం దాన్ని ఖర్చు చేసేది. కారులోనో చల్లని గదిలోనో కూర్చున్న దేహం చేయలేదు. దక్షిణాసియా వారికి బరువు పెద్దగా పెరగకముందే మధుమేహం రాగలదు. మనం నివసిస్తున్న కువైట్ ఆ వ్యాధి అత్యధికంగా ఉన్న దేశాలలో ఒకటి. ఎండ ఇంతగా కాసే ఈ చోట, ఎండకు వెరచి లోపలే ఉండటంవల్ల డి విటమిన్ లేమి కూడా సాధారణమే. మీ అమ్మానాన్నల మందుల డబ్బాలో ఏమున్నదో ఒకసారి అడిగి చూడండి.

భారతదేశపు ప్రతిపాదనపై ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఇప్పుడు కువైట్‌లోని భారతీయ దుకాణాలలో రాగిపిండి, కొర్రలు అందంగా చుట్టిన పొట్లాలలో కనిపిస్తున్నాయి. కడప నుంచి వచ్చిన పెద్దలు కొందరు ఆ పొట్లాన్ని చేతిలోకి తీసుకొని, ధర చూసి నవ్వుకొంటారు.