దాంపత్య హక్కుల పునరుద్ధరణ: సరిత తీర్పులో సమానత్వ భావన

హిందూ వివాహ చట్టం (1955) తొమ్మిదవ సెక్షన్ భాషలో స్త్రీపురుష భేదం లేదు. దంపతులలో ఒకరు సహేతుక కారణం లేకుండా వేరుగా ఉన్నప్పుడు, రెండవవారు దాంపత్య హక్కుల పునరుద్ధరణ కోరుతూ న్యాయస్థానాన్ని ఆశ్రయించవచ్చు. ఈ నిబంధనకు మూలం హిందూ ధర్మశాస్త్రాలలో లేదు. ఇంగ్లండు చర్చి న్యాయస్థానాల నుండి వలసపాలన కాలంలో ఇది భారతదేశానికి చేరింది. బాల్యవివాహాన్ని అంగీకరించని రుఖ్మాబాయి భర్త వద్దకు వెళ్ళాలనీ, లేకుంటే ఆరు నెలలు కారాగారవాసం అనుభవించాలనీ 1887లో బొంబాయి హైకోర్టు ఆదేశించింది. ఇంగ్లండు 1970 నాటి చట్టం ద్వారా ఈ విధానాన్ని రద్దు చేసుకున్నది. భారతదేశంలో అది నిలిచి ఉన్నది.

ఈ సెక్షన్ చెల్లదని తొలిసారి ప్రకటించినది ఆంధ్రప్రదేశ్ హైకోర్టు. 1983లో టి. సరిత వర్సెస్ టి. వెంకటసుబ్బయ్య కేసులో జస్టిస్ పి.ఎ. చౌదరి ఇచ్చిన తీర్పు చట్టంలోని పదాల వద్ద ఆగిపోలేదు. వాటి ఫలితాన్ని పరిశీలించింది. ఇష్టంలేని సహజీవనానికి ఒత్తిడి చేసే డిక్రీ వల్ల స్త్రీ తన శరీరంపై, మాతృత్వంపై నిర్ణయాధికారాన్ని కోల్పోతుందనీ, గర్భధారణ భారం ఆమెపైనే పడుతుందనీ ఆయన వివరించారు. అసమానులను సమానులుగా చూడటం 14వ అధికరణానికి, వ్యక్తిగత గోప్యతను హరించడం 21వ అధికరణానికి విరుద్ధమని నిర్ణయించారు.

అదే సంవత్సరం ఢిల్లీ హైకోర్టు దీనితో విభేదించింది. సహజీవనమంటే లైంగిక సంబంధం మాత్రమే కాదన్నది ఆ న్యాయస్థానం వాదం. 1984లో సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు ఢిల్లీ దృక్పథాన్ని ఆమోదించి, సరిత తీర్పును తోసిపుచ్చింది. వివాహబంధం విచ్ఛిన్నం కాకుండా కాపాడే సామాజిక ప్రయోజనం ఈ సెక్షన్‌కు ఉన్నదని పేర్కొన్నది.

అయితే సరోజ్ రాణి కేసు పూర్వాపరాలే ఈ ప్రయోజనాన్ని ప్రశ్నార్థకం చేస్తున్నాయి. అక్కడ పునరుద్ధరణ కోరినది భార్య. భర్త అంగీకారంతో డిక్రీ వచ్చింది. ఏడాది గడిచినా కాపురం సాగలేదన్న కారణంతో, 13(1ఎ) సెక్షన్ కింద భర్త విడాకులు కోరి పొందాడు. కాపురాన్ని నిలుపుకొనేందుకు ఆమె తెచ్చుకున్న డిక్రీయే విడాకులకు ఆధారమైంది. ఇద్దరికీ సమానంగా లభించే హక్కు ఇద్దరికీ సమానమైన ఫలితాన్ని ఇవ్వదని ఈ ఉదంతం మరొక దిశ నుండి నిరూపిస్తున్నది.

2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించడంతో, సరిత తీర్పుకు ఆధారమైన సూత్రాలలో ఒకటి బలపడింది. చట్టంలోని సమానత్వాన్ని అక్షరంలో కాక, అది అమలయ్యే జీవితంలో వెదకాలన్న రెండవ సూత్రమే స్త్రీల న్యాయచరిత్రకు ఆ తీర్పు అందించిన ప్రధాన దృక్పథం.