రెండు రకాల రెండు

మధ్యాహ్నం మూడున్నర. సియోల్ సబ్‌వే ఒకటో లైను. పెట్టె నిండా జనం ఉన్నా పెద్దగా మాటల్లేవు. అందుకే స్పీకర్లోంచి వచ్చే ఆడగొంతు మీకు తేటగా వినిపిస్తోంది. ‘జొంగ్నో సామ్‌గా’ అంది. సామ్ అంటే మూడు. జొంగ్నో వీధిలో మూడో భాగమన్నమాట. తలుపులు మూసుకున్నాయి. తర్వాత ‘సా’, అంటే నాలుగు, రావాలి కదా అని చెవులు రిక్కించారు. రాలేదు. ‘జొంగ్నో ఓగా’ అంది. ఏకంగా అయిదు! పైన వీధికి నాలుగో భాగం ఉంది, కింద దానికి స్టేషన్ లేదు, అంతే సంగతి. చావు అనే అర్థమున్న మాట కూడా ‘సా’ అనే పలుకుతుందని కొన్ని లిఫ్టుల్లో 4కు బదులు ‘ఎఫ్’ అక్షరం వేస్తారు గానీ, ఇక్కడ ఆ భయంతో పనిలేదు.

దిగండి. ఎనిమిదో నంబరు దారి, ఫాల్ బొన్ ఛుల్గు. మెట్లెక్కుతూ పైకే అనుకోండి, ఎవరూ పట్టించుకోరు: ఇల్, ఈ, సామ్, సా, ఓ, యుక్, ఛిల్, ఫాల్, కు, షిప్. చైనా నుంచి వచ్చి శతాబ్దాలుగా కొరియాలో స్థిరపడిపోయిన అంకెలివి. పది దాటాక తొంభై తొమ్మిది దాకా కొత్తగా బట్టీ పట్టేదేమీ లేదు. పదీ ఒకటీ కలిపితే పదకొండు, షిబిల్. రెండు పదులు ఇరవై, ఈషిప్. తొంభై తొమ్మిది, కుషిప్ కు. మన పన్నెండులూ పంతొమ్మిదులూ నేర్చుకునే పరాయివాడు పడే తిప్పలేవీ ఇందులో లేవు. స్టేషన్లు, అంతస్తులు, బస్సు నంబర్లు, తేదీలు, నిమిషాలు, డబ్బు, అన్నిటికీ ఇదే వరుస. వచ్చేసింది, కొరియన్ లెక్క ఇంతేనా అని సంబరపడుతూ పైకొస్తారు. మార్కెట్టు మొదలవుతుంది. మీ వరుస అక్కడితో ఆగిపోతుంది.

గ్వాంగ్‌జాంగ్ మార్కెట్టు 1905 నుంచి నడుస్తోంది. పైన ఎత్తైన కప్పు, కింద సందుల నిండా తిండి బల్లలు. వేడి నూనె వాసన ముందు తగులుతుంది, ఆ తర్వాతే చప్పుడు. ఒక బల్ల దగ్గర మోటారు మీద రాతి తిరగలి తిరుగుతోంది. నానబెట్టిన పెసరపప్పు పైనుంచి జారుతోంది, పక్కనుంచి పచ్చటి పిండి కారుతోంది. మీ కాళ్లు వాటంతటవే ఆగాయి. ఆగవు మరి! దీని పేరు బిందేత్తొక్, మన పెసరట్టుకు ఒళ్లు చేసిన చుట్టం. అరచేతి మందాన ఉంటుంది, లోపల మొలకలు ఉంటాయి, పెనం మీద కాలడం కాదు, నూనెలో ఈదుతుంది.

బల్ల వెనకాల అరవై దాటిన ఆవిడ. ఇక్కడ ఇలాంటివాళ్లని ‘ఇమో’ అని పిలుస్తారు, అంటే అమ్మ చెల్లెలో అక్కో. మీరూ ‘ఇమో’ అన్నారు. ఆవిడ గరిటె ఆపకుండానే ‘మ్యొత్ గె?’ అంది. ఎన్ని?

రెండు కావాలి. నాలుక చివర ‘ఈ’ సిద్ధంగా ఉంది, మెట్ల మీద అంత సాధన చేశారాయె. మింగేయండి. సబ్‌వేలో పనికొచ్చిన రెండు ఇక్కడ చెల్లదు. చేత్తో పట్టుకుని ఒకటీ రెండూ అని లెక్కపెట్టే వస్తువులకి కొరియన్లకు సొంత అంకెలున్నాయి: హానా, తూల్, సెత్, నెత్, తాసొత్, యొసొత్, ఇల్గొప్, యొదొల్, అహోప్, యొల్. విశాఖలోనో హైదరాబాదులోనో చిన్నప్పుడు స్కూలు మైదానంలో తైక్వాండో నేర్చుకున్నవాళ్లయితే ఇవి మీ కాళ్లకు తెలుసు. తన్నుకో అంకె చొప్పున మాస్టారు అరిపించింది వీటినే. ఆ మాస్టారే ‘తేగుక్ ఇల్ జాంగ్’ అంటూ మొదటి విన్యాసం చేయమన్నప్పుడు మాత్రం అంకె ‘ఇల్’ అయ్యేది. రెండు వరుసలూ అప్పుడే విన్నారు, రెండని ఎవరూ చెప్పలేదు.

సరే, తూల్ అందామా? ఇంకో మెలిక ఉంది. పక్కన వస్తువు నిలబడగానే మొదటి నాలుగు అంకెలూ కాస్త చిక్కిపోతాయి. హానా కాస్తా హాన్, తూల్ కాస్తా తూ, సెత్, నెత్‌లు సె, నె. పైగా అంకె ఒంటరిగా రాదు, ఏ జాతి వస్తువో చెప్పే చిన్న మాటొకటి వెంటబెట్టుకుని వస్తుంది. మామూలు వస్తువుకి గె, మనిషికి మ్యొంగ్, సీసాకి బ్యొంగ్, గ్లాసుకి జాన్, కుక్కకీ కోడికీ చేపకీ మారి. ఇదంతా మనం వింతగా చూడనక్కర్లేదు. ముగ్గురు గేదెలు అని మనమూ అనం. కాకపోతే మనం మనిషి ముద్రని అంకె మీదే కొట్టేస్తాం, వాళ్లు పక్కన వేరే బిళ్ల పెడతారు.

‘తూ గె జుసేయో.’ రెండివ్వండి. ఆవిడ తలూపి రెండు గరిటెల పిండి నూనెలోకి వదిలింది. అయిపోయింది, బేరం కుదిరింది.

అట్లు కాలేదాకా బల్ల మీద కూర్చోండి. స్క్విడ్ గేమ్ అనే కొరియన్ సిరీస్ చూసినవాళ్లకి అందులో ఆటలో బొమ్మ పాడే మాటలు గుర్తుండే ఉంటాయి. ముగుంగ్వా పువ్వు పూసింది అని ఆ మాటలకు అర్థం. ఆ పువ్వు మన మందార జాతిదే. కొరియన్‌లో ఆ వాక్యానికి సరిగ్గా పది అక్షరాలు. ఆ ఆటలో దొంగైన పిల్ల కళ్లు మూసుకుని పది లెక్కపెట్టడానికి బదులు దాన్ని గడగడా అనేస్తుంది. ఏ వరుసలో లెక్కపెట్టాలనే గొడవే లేదు. పిల్లలు తెలివైనవాళ్లు.

పక్కన కూర్చున్న పెద్దాయన మక్కొల్లి తాగుతున్నాడు, బియ్యంతో చేసిన తెల్లటి కల్లు. మీ వాలకం చూసి, వయసెంత అన్నాడు. ఇక్కడ ఆ ప్రశ్న తప్పు కాదు, మిమ్మల్ని ఏ మర్యాదతో పలకరించాలో అతను తేల్చుకోవాలి. వయసు మళ్లీ సొంత అంకెల్లోనే. మీకు ఇరవై ఎనిమిది అనుకోండి: సుముల్ యొదొల్ సాల్. ఇక్కడి ఇరవైకి రెండుతో పోలికే లేదు, ముప్పై సొరున్, నలభై మహున్, యాభై స్విన్, ఒక్కోటీ విడిగా బట్టీ పట్టాల్సిందే. తొంభై తొమ్మిదితో ఈ వరుస అయిపోతుంది, నూరుకి చైనా మాట ‘పెక్’ని పిలవాల్సిందే. పెద్దాయన వేళ్లు మడుస్తూ, పాత లెక్కలో మీ వయసు ఇంకా ఎక్కువ అంటున్నాడు. పుట్టగానే ఒక ఏడు, జనవరి 1 వచ్చినప్పుడల్లా అందరికీ ఇంకో ఏడు, అదీ పాత లెక్క. డిసెంబర్ 31న పుట్టిన బిడ్డకు తెల్లారేసరికి రెండేళ్లు! 2023 జూన్ 28 నుంచి చట్టం దాన్ని పక్కనబెట్టింది. పెద్దాయన మాత్రం ఇంకా పెట్టలేదు.

ఇంకో గ్లాసయ్యాక సైన్యం కబుర్లలోకి దిగాడు. మగవాళ్లకు ఇక్కడ సైన్యంలో పనిచేయడం తప్పనిసరి. రేడియోలో అంకెలు చెప్పేటప్పుడు ఇల్, ఈ ఒకలాగే వినిపిస్తాయి కాబట్టి సైనికులు రెండు వరుసల్నీ కలిపేసి మూడోది తయారు చేసుకున్నారు. అతను బల్ల మీద వేలితో కొడుతూ చెబుతున్నాడు: హానా, తూల్, సామ్, నెత్, ఓ, యొసొత్, ఛిల్, ఫాల్, అహోప్, గొంగ్. గొంగ్ అంటే సున్నా. నవ్వొస్తుంది గానీ, మన సంగతి మాత్రం? గుంటూరు రైతుబజారులో వంకాయలు ‘రెండు కిలోలు’ తూచే ఆవిడే ఫోన్ నంబరు అడిగితే ‘నైన్ ఎయిట్ ఫోర్’ అందుకుంటుంది. ఏ అంకె ఎక్కడ వాడాలో ఆవిడకు ఎవరూ పాఠం చెప్పలేదు. ఆ తెలివి వంకాయ పట్టుకున్న చేతిలో ఉంది.

ధర పలక మీద అట్టుకు 5,000 వొన్ అని రాసుందనుకోండి, వొన్ అంటే ఇక్కడి డబ్బు. రెండిటికీ పది వేలు. పది వేలకు కొరియన్‌లో ఒకటే మాట, మాన్. ఆకుపచ్చ నోటొకటి తీసి ఇచ్చారు. దాని మీద రాజు సేజోంగ్, 1443లో కొరియన్ లిపిని తయారు చేయించినవాడు.

గోడ గడియారం నాలుగూ నలభై చూపిస్తోంది. చదవండి చూద్దాం. గంటలు సొంత వరుసలో, నిమిషాలు చైనా వరుసలో: నె షి సాషిప్ బున్. ఒక్క ఊపిరిలోనే నాలుగు రెండు వేషాలు వేసింది.

పైకి వెళ్లండి, ఈ ఛుంగ్, అంటే రెండో అంతస్తు. నేలనే ఒకటో అంతస్తుగా లెక్కపెడతారు కాబట్టి మనకిది మొదటిదే. ఇక్కడ పట్టు దుకాణాలు, పెళ్లి హన్‌బొక్‌లు, అంటే కొరియన్ సంప్రదాయ దుస్తులు. ఒకావిడ ఎవరికో ధర చెబుతోంది, ‘సామ్‌షిప్ ఓమాన్ వొన్’. బుర్ర తిరుగుతుంది. ముప్పై అయిదు మాన్‌లు. కాగితం మీద 350,000 అని మూడేసి సున్నాలకో కామా పెట్టి రాస్తారు, నోరు మాత్రం నాలుగు సున్నాల దగ్గర విరుగుతుంది. ఇంగ్లిషు చదువుతో వచ్చినవాళ్లు ఇక్కడ చాలా రోజులు తడబడతారు, వేలల్లోకి మార్చి మళ్లీ మాన్‌లలోకి తిప్పి. మీకో అడ్డదారి ఉంది. పది మాన్‌లు సరిగ్గా మన లక్ష. ముప్పై అయిదు మాన్‌లంటే మూడున్నర లక్షలు. నూరు మాన్‌లు పది లక్షలు. వేలల ఊసే వద్దు.

మీ కన్ను అంత ఖరీదైనదాని మీద లేదు. తానుల్లోంచి లేత గులాబీ రంగు గుడ్డ చూపించారు. బట్ట కొలత ఇక్కడ ‘మా’, గజానికి దగ్గర. ‘సె మా జుసేయో’ అన్నారు, తడుముకోకుండా. ఆవిడ మూడు కొలిచి కత్తెర వేసి, క్యాలిక్యులేటర్ మీద అంకెలు కొట్టి మీ వైపు తిప్పబోయింది. వద్దని చెయ్యి అడ్డం పెట్టారు, నోటితో చెప్పమని. ఆవిడ నవ్వి, నిదానంగా అంది: ‘ఛిల్ మాన్ ఈ ఛొన్ వొన్.’ ఏడు మాన్‌లు, రెండు వేలు. 72,000.

పసుపు పచ్చ నోటొకటి, 50,000ది. 2009లో వచ్చిన ఈ నోటు మీద షిన్ సాయిమ్‌దాంగ్, చిత్రకారిణి. ఆవిడ కొడుకు యూల్‌గొక్ 5,000 నోటు మీద ఉన్నాడు, తల్లి విలువ కొడుక్కి పదింతలు. రెండు ఆకుపచ్చవి, రెండు నీలం వెయ్యి నోట్లు. బల్ల మీద పరిచారు.

ఆవిడ ఒక్కొక్కటే ఎత్తి లెక్కపెట్టింది, ‘హానా, తూల్, సెత్, నెత్, తాసొత్.’ డబ్బు ఎంతో చెప్పినప్పుడు చైనా వరుస, కాగితాలు ఎన్నో చూసుకున్నప్పుడు సొంత వరుస. తాసొత్ జాంగ్, అయిదు కాగితాలు. గల్లాపెట్టెలో వేసి, సంచీ కావాలా అని అడిగింది. ఎన్ని అని అడగలేదు.