కన్యాశుల్కం: నవ్వుల వెనకాల ఒక లిస్టు

"మీరు మళ్ళీ మళ్ళీ చదివే పుస్తకం ఏది?" అని తెలుగువాళ్ళని అడిగితే వచ్చే జవాబులు దాదాపు ముందే చెప్పెయ్యొచ్చు. బారిష్టర్ పార్వతీశం, అమరావతి కథలు, మహాప్రస్థానం, పాత చందమామలు... ఎవరి లిస్టులో ఏమున్నా కన్యాశుల్కం మాత్రం ఎక్కడో ఒకచోట తగులుతుంది. నా లిస్టులో అయితే మొదటిదే అది. ఇళ్ళు మారినా, ఊళ్ళు మారినా, ఆన్‌సైట్ అంటూ సూట్‌కేసులు తూకం వేసుకుని సర్దుకున్నా, పచ్చడి సీసాల పక్కన ఆ పుస్తకానికి చోటు దొరికేది.

అది ఎంత గొప్ప నాటకమో చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆ పని నాకంటే బాగా చెయ్యగలిగినవాళ్ళు ఎప్పుడో చేసేశారు. ఆ పుస్తకం ఎలా పుట్టింది, మనం దాన్ని ఎలా చదువుతున్నాం అన్నదే ఇక్కడ నా గోల.

ముందు మన భాషలో వెర్షన్ హిస్టరీ. 1892 ఆగస్టు 13న విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ వాళ్ళు ఈ నాటకాన్ని మొదటిసారి ఆడారు. పుస్తకంగా వచ్చింది 1897లో, అయిదు అంకాలతో. మనలో చాలామందికి తెలిసిన కన్యాశుల్కం మాత్రం ఇది కాదు. 1909లో గురజాడ రెండో కూర్పు వేశారు. దాన్ని ఏదో అచ్చుతప్పులు దిద్దిన రిలీజ్ అనుకునేరు! దాదాపు మొత్తం తిరగరాసేశారు. అయిదు అంకాలు ఏడయ్యాయి. మధురవాణి పాత్ర పెరిగి పెరిగి నాటకానికే కేంద్రం అయిపోయింది. ఆరేళ్ళ తర్వాత, 1915లో, 53 ఏళ్ళకే ఆయన పోయారు.

పన్నెండేళ్ళ కిందట అచ్చయి, జనం మెచ్చుకున్నదాన్ని ఎవరైనా కదుపుతారా? నడుస్తున్న కోడ్ జోలికి వెళ్ళొద్దని మనం కొత్తగా చేరిన పిల్లలకి మొదటిరోజే చెప్తాం. గురజాడ వెళ్ళారు. అంటే ఈ పుస్తకాన్ని మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళలో మొదటివాడు ఆయనే అన్నమాట. 1969లో బంగోరె (బండి గోపాలరెడ్డి) మొదటి కూర్పుని వెతికి మళ్ళీ అచ్చు వేయించారు కాబట్టి ఇవాళ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసుకోవచ్చు. ఓపిక ఉన్నవాళ్ళు ఒక్కసారి చూడండి. మధురవాణి తక్కువగా ఉన్న కన్యాశుల్కం ఎలా ఉంటుందో చూస్తే, రెండో కూర్పు మీద గౌరవం పెరుగుతుంది.

ఇంకో సంగతి. ఇది నాటకమే అయినా, స్టేజీ మీద మొత్తం చూసినవాళ్ళు మనలో ఎంతమంది? ఏడు అంకాలూ ఉన్నదున్నట్టు ఆడాలంటే చాలా గంటలు పడుతుంది. ఎక్కువగా కుదించే ఆడతారు. 1955లో సినిమా తీశారు. గిరీశంగా ఎన్టీఆర్, మధురవాణిగా సావిత్రి. సావిత్రి గురించి వేరే చెప్పాలా! కానీ సినిమాలోనూ పట్టేది కొంతే. అందుకే కన్యాశుల్కం చూసే నాటకంగా కంటే చదువుకునే పుస్తకంగానే ఎక్కువ బతికింది. విజయనగరం వీధుల్లో, అగ్రహారాల్లో మనుషులు నిజంగా మాట్లాడుకున్న తెలుగు అందులో ఉంది. పైకి చదివితే గొంతులు వినిపిస్తాయి. మాకు బళ్ళో చెప్పిన ఏ పాఠంలోనూ నాకు ఆ గొంతులు వినిపించలేదు.

ఇక అసలు విషయానికొస్తా. మొదటి కూర్పుకి గురజాడ రాసిన ముందుమాట ఇంగ్లీషులో ఉంది. పుస్తకాన్ని విజయనగరం మహారాజు ఆనంద గజపతికి అంకితం ఇచ్చారు. గిరీశం ఎప్పుడొస్తాడా అన్న తొందరలో ఈ ముందుమాటని చాలామంది దాటేస్తారు. అందులో ఒక డేటా ఉంది.

మహారాజు విశాఖపట్నం జిల్లాలో మామూలు బ్రాహ్మణ కుటుంబాల్లో, డబ్బు తీసుకుని ఆడపిల్లనిచ్చిన పెళ్ళిళ్ళెన్నో లెక్క తీయించారు. మూడేళ్ళ కాలానికి తేలినవి 1034. ఏడాదికి సగటున 344. డబ్బు తీసుకున్నామని ఒప్పుకోడానికి ఎవరూ ఇష్టపడరు కాబట్టి ఇది పూర్తి లెక్క కాదని కూడా గురజాడే రాశారు. ఆ 1034 మందిలో అయిదేళ్ళ పిల్లలు 99 మంది. నాలుగేళ్ళవాళ్ళు 44. మూడేళ్ళవాళ్ళు 36. రెండేళ్ళవాళ్ళు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ధర 350 నించి 400 రూపాయలు. కడుపులో ఉన్న బిడ్డకి కూడా ఒక్కోసారి బేరం కుదిరేదట.

కూడితే అయిదేళ్ళు, అంతకు లోపువాళ్ళు 188 మంది. ప్రతి ఆరుగురిలో ఒకరి కంటే ఎక్కువే. రోజూ రిపోర్టులు చూసే మనకి అంకెలు అలవాటే గానీ, ఈ లిస్టులో ఒక్కో వరస ఒక్కో పిల్ల.

ఈ లిస్టు మనసులో పెట్టుకుని ఒకసారి నాటకం చదవండి. అగ్నిహోత్రావధాన్లు చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి ఇస్తానంటే తల్లి వెంకమ్మ నూతిలో దూకుతుంది. ఆ సంబంధం తప్పించడానికి కరటక శాస్త్రి తన శిష్యుడు మహేశానికి ఆడవేషం వేసి, లుబ్ధావధాన్లుకి అంటగడతాడు. ఈ పిల్ల చవగ్గా వస్తోందని ముసలాయన ఆశపడతాడు. అక్కడ రామప్పపంతులు నడిపే బేరసారాలు చదివి నవ్వనివాళ్ళు ఉండరు. నవ్వొచ్చేదీ అందుకే, వెన్ను జలదరించేదీ అందుకే: ఆ బేరంలో కల్పించిందల్లా ఆడవేషం ఒక్కటే. తక్కినదంతా లిస్టులో ఉన్నదే. అన్నట్టు, మనం ఆఫీసుల్లో కూడా వాడేసే కన్యాశుల్కం డైలాగుల్లో గిరీశానివి ఎన్నో ఉన్నాయి. సుబ్బిది ఒక్కటైనా ఉందా?

మా అమ్మగారి ముత్తవ్వకి ఏడో ఏట పెళ్ళయిందట. ముత్తాతగారు రెండెకరాలు అమ్మి ఆవిణ్ణి "కొనుక్కొచ్చారని" మా ఇంట్లో ఒక జోకు. పండగలకి అందరం చేరినప్పుడు ఎవరో ఒకరు అనేవారు, అందరూ నవ్వేవారు. ఆ ఏడేళ్ళ పిల్ల ఏమందో మాత్రం ఎవరికీ గుర్తులేదు. ఆవిడ పేరు చెప్పడానికే మా పిన్ని ఒక నిమిషం ఆలోచించాల్సొచ్చింది.

కన్యాశుల్కం ఈ పుస్తకం వల్లే పోయిందని కొందరంటారు. నేను నమ్మను. మార్కెట్ తిరగబడింది, అంతే. ఇంగ్లీషు చదువు, సర్కారు ఉద్యోగం ఉన్న కుర్రాడికి గిరాకీ పెరిగేసరికి డబ్బు అటునించి ఇటు రావడం మొదలైంది. కాళ్ళకూరి నారాయణరావు వరకట్నం మీద 'వరవిక్రయం' నాటకం రాశారు, 1939లో అది సినిమాగా కూడా వచ్చింది. 1929లో బాల్యవివాహాల మీద శారదా చట్టం, 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చాయి. ఆ తర్వాత మన కాలంలో ఏం జరిగిందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. బెంగుళూరు కుర్రాడికి ఒక రేటు, హెచ్-1 ఉన్నవాడికి ఇంకోటి, గ్రీన్ కార్డు అయితే అడగనే అక్కర్లేదు. "మేమేం అడగలేదండీ, వాళ్ళే ఇచ్చారు" అనే మాట మన టీముల్లో ఎన్నిసార్లు విన్నానో. మహారాజుగారు లెక్క తీయించినప్పుడూ ఒప్పుకోడానికి ఎవరూ ఇష్టపడలేదు కదా!

మన పెళ్ళిళ్ళకి అలాంటి లిస్టు ఎవరైనా తీస్తే ఎన్ని వరసలు వస్తాయో. అందులో నాకు తెలిసిన పేర్లే నలభై దాకా ఉంటాయి.