మడి నుండి చట్టం దాకా: వంటశాలలో శుభ్రత

వనపర్తి జిల్లాలోని కొత్తకోట వంటి ఊళ్లలో వంటశాల శుభ్రత చరిత్ర ఆచారం నుండి చట్టం వైపు సాగిన ప్రయాణం. స్నానం చేసి, ఉతికి ఆరేసిన బట్ట కట్టి, ఎవరినీ తాకకుండా వండే ‘మడి’లో శుభ్రతతో పాటు, కులాన్ని బట్టి మనిషిని దూరం పెట్టే అన్యాయమూ కలిసే ఉండేది.

ఈ తీరు మారడానికి బడి వంట ఒక దారి తెరిచింది. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ప్రభుత్వ బడుల్లో వండిన భోజనం పెట్టాలని ఆదేశించగా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో ఆ పథకం మొదలై, వంట బాధ్యత అనేక చోట్ల మహిళా సంఘాలకు దక్కింది. వంటవారి నియామకంలో దళితులకు, గిరిజనులకు ప్రాధాన్యమివ్వాలన్న అదే కోర్టు 2004 ఏప్రిల్ ఆదేశం శుభ్రతను కులం నుండి విడదీసే ప్రయత్నం చేసింది.

2006లో వచ్చి 2011 ఆగస్టు 5న అమలైన ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింది నిబంధనలు చేతులు కడుక్కోవడాన్ని, తలకు టోపీని, ఏటా వైద్య పరీక్షను వంటవారి విధులుగా నిర్దేశించాయి. 2013 జులైలో బీహారులోని గండామన్ బడిలో పురుగుమందు కలిసిన భోజనం తిని 23 మంది పిల్లలు మరణించిన ఘోరం, వడ్డించే ముందు పెద్దలు రుచి చూడాలన్న నియమానికి ఎంత విలువ ఉందో దేశానికి గుర్తుచేసింది. వండే చేయి ఎవరిదన్నది కాదు, అది శుభ్రంగా ఉందా అన్నదే పిల్లల ప్రాణాలను కాపాడుతుంది.